బ్రేకు కింద చెప్పు

సంపాదకులకు నమస్కారం.

కర్నూలులో ఆడవాళ్లకు కారు నేర్పడం నా పని. పద్నాలుగేళ్లుగా ఇదే నా బతుకుతెరువు. పొద్దున ఆరింటికి కారు బయటికి తీస్తే పదింటి దాకా, మళ్లీ సాయంత్రం నాలుగున్నర నుంచి చీకటి పడేదాకా నా పక్కన ఎవరో ఒకరు స్టీరింగ్ పట్టుకుని ఉంటారు. టీచర్లు, నర్సులు, బ్యాంకు ఉద్యోగులు, పెళ్లి కుదిరి అమెరికా పోబోయే పిల్లలు, మనవళ్లను బడికి దింపాలని ఆశపడే అరవై ఏళ్ల అమ్మలు. ఎవరొచ్చినా నేను ముందు చూసేది వాళ్ల కాళ్లను. ఈ ఉత్తరం ఆ కాళ్ల గురించే.

పోయిన నెల ఒకే వారంలో రెండు మాటలు విన్నాను. సోమవారం ఒక నర్సమ్మ కారెక్కుతూనే ఫోన్ చూపించింది. "మేడం, చెప్పులేసుకుని బండి నడిపితే ఫైన్ వేస్తారంట, మా గ్రూపులో వచ్చింది. రేపటి నుంచి బూట్లు కొనుక్కుని రావాల్నా?" అంది. గురువారం ఇంకో అమ్మాయి, ఇంజనీరింగ్ చదివిన పిల్ల, మూడంగుళాల హీల్స్‌తో వచ్చింది. విప్పమన్నాను. "చట్టంలో ఫైనే లేదక్కా, నేను చూసినా. మరెందుకు విప్పాల?" అంది. ఇద్దరూ అడిగింది ఫైన్ గురించే. బ్రేకు గురించి ఒక్కరూ అడగలేదు. ఆ వారం నాకు సరిగా నిద్ర పట్టలేదు. అందుకే రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే జనానికి దాని మీదే టెన్షన్. మన మోటారు వాహనాల చట్టం 1988 నాటిది. 2019లో దాన్ని సవరించారు. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి జరిమానాలు బాగా పెరిగాయి. హెల్మెట్ లేకపోతే 194డి, సీటు బెల్టు పెట్టుకోకపోతే 194బి, రెండింటికీ వెయ్యి రూపాయలని చట్టంలో రాసి ఉంది. చెప్పులకు గానీ, ఒట్టి కాళ్లకు గానీ అలాంటి సెక్షన్ ఏదీ లేదు. అదే నెలలో పుకార్లు ఊరూరా తిరుగుతుంటే, కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ కార్యాలయమే సోషల్ మీడియాలో వివరణ ఇచ్చింది. చెప్పులేసుకుని నడిపినందుకు, లుంగీ బనీను మీద నడిపినందుకు, పొట్టి చేతుల చొక్కా వేసుకున్నందుకు, అదనపు బల్బు లేనందుకు, అద్దం మురికిగా ఉన్నందుకు చలానా వేసే నిబంధన ఏదీ లేదని స్పష్టంగా చెప్పింది. ఇన్నేళ్లయినా ఆ పుకారు చావలేదు, ఏటా ఒకసారి లేచి వస్తుంది. కిరాయి బండ్లు, బస్సులు నడిపేవాళ్ల యూనిఫాం సంగతి వేరు. దానికి రాష్ట్రాల నిబంధనలు వేరే ఉంటాయి. నేను చెప్పేది సొంత కారు, సొంత బైకు నడిపేవాళ్ల గురించి.

బ్రిటన్‌లోనూ ఒట్టి కాళ్లతో నడపడం నేరం కాదు. కాకపోతే అక్కడి హైవే కోడ్ 97వ నియమం, వేసుకున్న బట్టలు గానీ చెప్పులు గానీ బండిని సరిగా అదుపు చేయడానికి అడ్డం కాకుండా చూసుకోమంటుంది. ఆ ఒక్క వాక్యం నాకు చాలా నచ్చింది. ఏం వేసుకోవాలో చెప్పలేదు. కాలు పని కాలు చేయగలగాలి అంది, అంతే.

ఇక బీమా రాదనే భయం ఒకటి. ప్రమాదంలో దెబ్బ తగిలిన ఎదుటివాళ్లకు పరిహారం ఇవ్వకుండా తప్పుకోవడానికి బీమా కంపెనీ ఏ కారణాలు చూపించవచ్చో చట్టంలో లెక్కపెట్టి రాశారు. సరైన లైసెన్సు లేకపోవడం లాంటివి అందులో ఉన్నాయి. చెప్పులు లేకపోవడం లేదు.

అయితే ఆ ఇంజనీరింగ్ అమ్మాయికి చెప్పిందే ఇక్కడా చెప్తాను. చెప్పులకు సెక్షన్ లేదు గానీ, ప్రమాదకరంగా నడిపితే 184 ఉంది. మొదటి తప్పుకే వెయ్యి నుంచి ఐదు వేల దాకా జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, ఒక్కోసారి రెండూ. నిర్లక్ష్యం వల్ల మనిషి ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు. కాలు జారిందనో, చెప్పు ఇరుక్కుందనో అక్కడ చెప్పుకుంటే అది మన నిర్లక్ష్యానికి మనమే ఇచ్చుకున్న సాక్ష్యం అవుతుంది. చట్టం గురించి నాకు తెలిసింది ఇంతే. నాకు బాగా తెలిసింది బ్రేకు.

తొమ్మిదేళ్ల కిందట ఒక ఆదివారం నంద్యాలలో మా చిన్నాన్న కొడుకు పెళ్లి. పొద్దున్నే బయలుదేరాం. మా ఆయన ముందు రోజే వెళ్లిపోయాడు. కారులో నేను, వెనక సీట్లో నిద్రపోతున్న నా కూతురు. దానికప్పుడు ఆరేళ్లు. పెళ్లికని కొన్న కొత్త చెప్పులు వేసుకున్నాను, రెండున్నర అంగుళాల మడమ. వాటితో నడపకూడదని తెలుసు. అప్పటికే ఐదేళ్లుగా వేరేవాళ్లకు నేర్పుతున్నదాన్ని. అందుకే విప్పాను. విప్పి ఏం చేశాను? నా సీటు ముందే, కుడి పక్క డోరు వారగా పెట్టాను. దిగగానే వేసుకోవచ్చని.

ఓర్వకల్లు దాటాక, ఆ పెద్ద పెద్ద బండల గుట్టలు వెనకబడ్డాక, రోడ్డు ఖాళీగా ఉంది. డెబ్బైలో పోతున్నాను. డివైడర్ సందులోంచి గొర్రెల మంద ఒకటి రోడ్డెక్కింది. ముందు పది, ఆ వెనక ఇంకా వస్తూనే ఉన్నాయి. దూరం బాగానే ఉంది, కంగారు పడాల్సిన పని లేదు. బ్రేకు తొక్కాను. సగం దిగి ఆగిపోయింది. మెత్తగా ఆగలేదు, రాతి మీద కాలు పెట్టినట్టు ఆగింది. కాలెత్తి మళ్లీ తొక్కాను. మళ్లీ అక్కడే. పెడల్ కింద ఏదో ఉందని అరికాలికి తెలుస్తోంది గానీ, కిందికి చూడ్డానికి లేదు, కళ్లు గొర్రెల మీద ఉన్నాయి. ఆ సగం బ్రేకుతోనే గేరు మూడుకు, రెండుకు దించాను. ఇంజన్ అరిచింది. హ్యాండ్ బ్రేకు కొద్దికొద్దిగా పైకి లాగుతూ ఎడమ పక్క మట్టి మీదికి దించాను. కంకర ఎగిరి కారు కింద టపటపా కొట్టింది. ఆగింది.

కంబళి భుజాన వేసుకున్న ఒక పెద్దాయన కర్ర పట్టుకుని దగ్గరికొచ్చాడు. నన్ను తిట్టలేదు. "ఏం తల్లీ, బ్రేకు పట్టలేదా? పాప బాగుందా?" అన్నాడు. నా నోట మాట రాలేదు. పాపకు మెలకువ కూడా రాలేదు. వంగి చూస్తే కుడికాలి చెప్పు పెడల్ కింద అడ్డంగా పడి ఉంది. ముందు ఎక్కడో కొంచెం బ్రేకు వేసినప్పుడు జరిగి ఉంటుంది. మడమ నేల మీద నిలబడి, పైన పెడల్ కడ్డీ దాని మీద కూర్చుంది. రెండు చేతులతో లాగితే గానీ రాలేదు. దాని అట్ట మీద వేలెడు వెడల్పున గాడి పడింది. ఆ పెద్దాయన చెప్పును చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, మళ్లీ నా చేతిలో పెట్టి, మందను తోలుకుపోయాడు.

ఆ పెళ్లికి ఒట్టి కాళ్లతోనే వెళ్లాను. ఆ చెప్పు ఇప్పటికీ మా ఆఫీసు గదిలో మేకుకు వేలాడుతోంది. ఎవరు నేర్చుకోవడానికి వచ్చినా మొదటి రోజు స్టీరింగ్ కంటే ముందు దాన్ని చేతికిస్తాను. గాడి మీద వేలు పెట్టి చూడమంటాను.

డెబ్బైలో పోయే బండి ఒక్క సెకనుకు పందొమ్మిది మీటర్లు పోతుంది. అరవైలో అయితే దాదాపు పదిహేడు. మన హైదరాబాద్-బెంగళూరు హైవే మీద వందలో పోయేవాళ్లకు ఇరవై ఎనిమిది. కాలు జారి మళ్లీ పెడల్ దొరకడానికి అర సెకను పట్టిందనుకోండి, అరవైలో పోయే బండి ఎనిమిది మీటర్లు ముందుకు పోయి ఉంటుంది. అంటే రెండు కార్ల పొడవు. జీబ్రా క్రాసింగ్ దగ్గర ఆ ఎనిమిది మీటర్లలో ఎంతమంది నిలబడతారో రాజ్ విహార్ సెంటర్లో సాయంత్రం ఆరింటికి చూడండి.

కాలు పనిచేసే తీరు చాలామందికి తెలియదు. తెలిసేలా ఎవరూ చెప్పరు కూడా. కుడికాలి మడమ నేల మీద, బ్రేకుకు ఎదురుగా ఆనాలి. అక్కడి నుంచి పాదం తలుపు బందు మీద తిరిగినట్టు తిరగాలి. ఎడమకు తిరిగితే బ్రేకు, కుడికి తిరిగితే యాక్సిలరేటర్. పెడల్‌ను తొక్కేది వేళ్లతో కాదు, వేళ్ల వెనక ఉండే మెత్తటి బలమైన భాగంతో. మామూలు బ్రేకుకు పెద్ద బలం అక్కర్లేదు. కానీ పిల్లవాడు అడ్డం వచ్చినప్పుడు వేసే బ్రేకుకు ఒంట్లో బలమంతా ఆ ఒక్కచోటికి రావాలి. ఇంజన్ ఆగిపోయిన బండికైతే ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే అప్పుడు బ్రేకుకు ఇంజన్ ఇచ్చే సాయం ఉండదు.

దీన్ని మనసులో పెట్టుకుని ఒక్కో చెప్పునూ చూడండి. ఎత్తు మడమ వేసుకుంటే మడమ ఆనే చోటే పోతుంది, పాదం గాల్లో ఉండి తొక్కుతుంది. సన్నటి హీల్ అయితే కింద పరిచిన మ్యాట్‌లో దిగబడుతుంది. మందపాటి అట్ట ఉన్న చెప్పులతో పెడల్ ఎంత దిగిందో కాలికి తెలియదు. బాగా వెడల్పు స్పోర్ట్స్ షూస్ వేసుకున్నవాళ్లు ఒకేసారి రెండు పెడల్స్ తొక్కడం నేను నా పక్క సీట్లోంచి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. నా వైపు కూడా ఒక బ్రేకు ఉంది కాబట్టి సరిపోతోంది. వాళ్ల ఇళ్ల దగ్గర కార్లకు అది ఉండదు.

నాకు అన్నిటికంటే భయం హవాయి చెప్పులంటే. మన ఇళ్లలో అందరి కాళ్లకూ ఉండేవి అవే. వెనక పట్టీ ఉండదు. కాలెత్తినప్పుడు చెప్పు మడమ నుంచి విడిపోయి వేలాడుతుంది. యాక్సిలరేటర్ నుంచి బ్రేకుకు మారేటప్పుడు చెప్పు కొస పెడల్ అంచుకు తగిలి మడతపడుతుంది. ఉంగటం తెగిందంటే పాదం ఒక పక్కకు, చెప్పు ఒక పక్కకు. వానాకాలంలో పొలం నుంచి వచ్చేవాళ్లది మరీ కష్టం. మన నల్లరేగడి మన్ను సంగతి తెలిసిందే కదా, ఒక్కో చెప్పుకు అరకిలో అంటుకుంటుంది. అది అలాగే పెడల్ మీద పెడితే సబ్బు మీద పెట్టినట్టే. ట్రాక్టరు ఎక్కే ముందు, బైకు ఎక్కే ముందు ఒక పుల్లతో మన్ను గీకి, గట్టు మీద గడ్డికి రుద్దడం పాతకాలం రైతులకు అలవాటు. మా నాయన అలా చేయకుండా బండి మీద కాలు పెట్టేవాడు కాదు.

మరి ఒట్టి కాళ్లు మంచివా అంటే, నా అనుభవంలో వదులు చెప్పుల కంటే ఒట్టి కాళ్లు నయం. పెడల్ కాలికి బాగా తెలుస్తుంది, మడతపడేది ఏమీ ఉండదు. హీల్స్‌తో వచ్చి వేరే దారి లేనివాళ్లను నేనే విప్పి నడపమంటాను. కానీ కాలికి గట్టిగా పట్టి ఉండే పల్చటి అట్ట బూటుకు అది సాటి కాదు. తడి కాలు జారుతుంది, చెమట కాలు జారుతుంది. గట్టిగా తొక్కాల్సి వచ్చినప్పుడు నొప్పికి కాలు తనంతట తానే వెనక్కి తగ్గుతుంది. మే నెలలో ఎండలో పెట్టిన కారులో పెడల్ మీద ఒట్టి కాలు పెట్టి చూడండి, అర నిమిషం ఉంచలేరు. దారిలో టైరు పంచరై దిగాల్సి వస్తే మన కర్నూలు ఎండకు తారు రోడ్డు మీద నిలబడగలరా? ఏదైనా ప్రమాదం జరిగి అద్దాలు పగిలితే ఒట్టి కాళ్లతో దిగి పక్కవాళ్లను ఎలా లాగుతారు?

లారీ డ్రైవర్లు చాలామంది చెప్పులు కింద వదిలి క్యాబిన్ ఎక్కుతారు. డ్యాష్‌బోర్డు మీద దేవుడి పటం, దండ ఉంటాయి, అది వాళ్లకు ఇల్లూ గుడీ రెండూ. ఆ భక్తిని నేను తప్పుపట్టను. లోపల వేసుకోవడానికి మాత్రమే ఒక జత కాన్వాస్ బూట్లు క్యాబిన్‌లో ఉంచుకుంటే, బయటి దుమ్ము లోపలికి రాదు, కాలికి పట్టూ ఉంటుంది. నాకు తెలిసిన ఇద్దరు డ్రైవర్లు అలాగే చేస్తున్నారు.

ఇక అయ్యప్ప దీక్షల సంగతి. ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను, ఎవరి మనసూ నొప్పించడం నాకిష్టం లేదు. మా ఆయన పదకొండేళ్లుగా మాల వేస్తున్నాడు. నలభై ఒక్క రోజులు కాలికి చెప్పు ఉండదు. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, తడి కాళ్లతోనే బైకెక్కి గుడికి, అక్కడి నుంచి ఉల్లిగడ్డల మార్కెట్‌కు. మూడేళ్ల కిందట డిసెంబరులో ఒక రోజు, బి-క్యాంపు దగ్గర, కుక్క అడ్డం వస్తే బ్రేకు తొక్కాడు. బైకు బ్రేకు పెడల్ ఇనుపది, తడి కాలు దాని మీద నుంచి జారి కిందికి పోయింది. పడలేదు, స్వామి దయ. కానీ బొటనవేలి కింద చర్మం రెండంగుళాలు చీలింది. దీక్షలో ఉన్నన్ని రోజులూ ఆ పుండుతోనే నడిచాడు. సాయంత్రం కట్టు కడుతూ నేను ఏడ్చాను.

గురుస్వామిని అడిగాం. ఆయన చెప్పింది చాలా తేలిక. "భుజం మీద తుండు ఉంది కదా సామీ, బండెక్కే ముందు పాదాలు తుడుచుకో. గుడి పక్క సందులో ఉంటే నడిచి రా. శబరిమలకు పోయేటప్పుడు మాల వేయని డ్రైవర్ను పెట్టుకో" అన్నాడు. అప్పటి నుంచి మా ఆయన అలాగే చేస్తున్నాడు. పోయిన ఏడాది వాళ్ల బృందం శబరిమలకు వెళ్తే, బూట్లు వేసుకున్న డ్రైవర్లు ఇద్దరు వంతులవారీగా నడిపారు. అంతకుముందు ఏళ్లలో స్వాములే రాత్రంతా నిద్ర కాచి ఒట్టి కాళ్లతో నడిపేవాళ్లు. ఇప్పుడు వెనక కూర్చుని భజన చేసుకుంటూ పోయారు. శివమాల వేసుకుని శ్రీశైలం పోయేవాళ్లకూ ఇదే మాట చెప్పాలి. ఆ ఘాట్ రోడ్డు మలుపుల్లో బ్రేకు మీద నుంచి కాలు తీయడానికే ఉండదు.

స్కూటీ నడిపే అక్కచెల్లెళ్లకు ఒక మాట. బ్రేకులు చేతిలోనే ఉన్నాయి కదా, కాళ్లతో పనేముంది అనుకోకండి. సిగ్నల్ దగ్గర బండి బరువంతా నేల మీద పెట్టిన ఆ ఒక్క కాలి మీదే ఉంటుంది. ఇసుక మీద హీల్ జారితే బండి మీద పడుతుంది, ముందు పిల్లలు నిలబడి ఉంటారు.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. డ్రైవింగ్ నేర్పేవాళ్లు, నాలాంటివాళ్లు అందరూ, మొదటి రోజు ఒక్క ఐదు నిమిషాలు కాళ్ల గురించి చెప్పాలి. ఇంజన్ ఆపిన బండిలో కూర్చోబెట్టి, మడమ నేలకు ఆనించి, ఆ చెప్పులతోనే పదిసార్లు అటూ ఇటూ మార్చి, చివరగా బలమంతా పెట్టి బ్రేకు తొక్కించాలి. ఎక్కడైనా తగిలినా, జారినా, మడతపడినా ఆ చెప్పు బండికి పనికిరాదని వాళ్లకే తెలుస్తుంది. లైసెన్సు పరీక్ష పెట్టే అధికారులు అభ్యర్థి బండెక్కే ముందు కాళ్ల వైపు ఒకసారి చూస్తే చాలు, ఊరంతా నేర్చుకుంటుంది. కార్లున్న ప్రతి ఇంటివాళ్లూ ఇవాళే డ్రైవర్ సీటు ముందున్న నేలను చూసుకోండి. విప్పిన చెప్పులు, నీళ్ల బాటిల్, పిల్లల బంతి, జరిగే మ్యాట్ ఏదీ అక్కడ ఉండకూడదు. విప్పిన చెప్పుల చోటు పక్క సీటు ముందు కూడా కాదు, వెనక సీటు కిందో డిక్కీలోనో.

మీ పత్రికను కూడా ఒకటి కోరుకుంటున్నాను. చెప్పులకు ఫైన్ అనే పుకారు మళ్లీ వచ్చినప్పుడు, అది అబద్ధమని రాసి అక్కడితో ఆపకండి. ఫైన్ లేదని చదివిన మరుక్షణం హీల్స్‌తో కారెక్కిన పిల్లను నేను చూశాను. ఆ వార్త కిందే బ్రేకు సంగతి నాలుగు వాక్యాలు వేయండి.

కార్తీక మాసానికి ఇంకా నెలన్నర ఉంది. మాలలు వేయడం మొదలుకాకముందే ఈ ఉత్తరం అచ్చయితే బాగుంటుంది. గుళ్ల దగ్గర గురుస్వాములు చదివి వినిపిస్తారని నా ఆశ. ఆ చెప్పు ఫొటో కావాలంటే పంపుతాను, గాడి బాగా కనిపిస్తుంది.

ఇట్లు,
ఆడవాళ్లకు కారు నేర్పే ఒక శిక్షకురాలు,
వెంకటరమణ కాలనీ, కర్నూలు.